ఇంజిన్ ధరతో సమానంగా డ్యూటీ పడితే ఏం చేయాలి?

ప్రశ్న: నేను లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఉండేది మెట్టుగూడలో. చిన్నప్పటి కోరిక ఒకటి మిగిలిపోయింది. అది తీర్చుకుందామని మేడ మీది గదిలో 1:87 సైజు (అసలు రైలులో 87వ వంతు) నమూనా రైళ్ల లేఅవుట్ కడుతున్నాను. ఈమధ్య జర్మనీలోని ఒక షాపు నుంచి స్టార్టర్ సెట్ తెప్పించాను. ఆవిరి ఇంజిన్, బోగీలు, పట్టాలు, ట్రాన్స్‌ఫార్మర్ అన్నీ ఒకే పెట్టెలో వచ్చాయి. అదే పార్శిల్లో విడిగా ఒక మోటారు, రంగు సీసాలు, సన్న స్క్రూడ్రైవర్లు కూడా ఉన్నాయి. కొరియర్ వాళ్లు కట్టమన్న డ్యూటీ చూసి గుండె ఆగినంత పనైంది. కట్టేశాను. ఇప్పుడు జపాన్ నుంచి ఇంకో ఇంజిన్ ఆర్డరు పెట్టాలని ఉంది. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి, ‘నా అడ్రసుకు తెప్పించండి నాన్నా, గిఫ్ట్ అని, 20 డాలర్లని రాసి పంపేస్తా’ అంటోంది. నాలాగే రైళ్లు కట్టే స్నేహితుడు అందరూ చేసేది అదేనంటున్నారు. అంత డ్యూటీ ఎందుకు పడింది? కట్టినదాంట్లో ఏమైనా వెనక్కి వస్తుందా? అమ్మాయి చెప్పినట్టు చేయొచ్చా? పెన్షన్ మీద బతికేవాడిని, ఈ సరదా మానేయమంటారా?

— ఒక పాఠకుడు, మెట్టుగూడ, సికింద్రాబాద్

సమాధానం:

అయ్యా, మీరు అడిగిన వరస పక్కనపెట్టి ముందు మీ అమ్మాయి సలహా సంగతి చెబుతాను. మిగతా వాటిల్లో పోతే డబ్బు పోతుంది. ఇందులో మీ పేరు పోతుంది.

20 డాలర్లని రాయించకండి. గిఫ్ట్ అని రాయించినా ఒరిగేదేమీ లేదు. ఒకప్పుడు 5,000 రూపాయల లోపు గిఫ్టులకు డ్యూటీ ఉండేది కాదు. విదేశీ షాపింగ్ సైట్లు దాన్ని అడ్డం పెట్టుకుని అమ్మిన సరుకును కూడా గిఫ్టుల పేరుతోనే పంపించేవి. 2019 డిసెంబరు 12న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఆ దారి మూసేసింది. ప్రాణాధార మందులకూ రాఖీలకూ తప్ప గిఫ్టు పేరు చెప్పి క్లియరెన్స్ అడగడానికి వీల్లేదు. పూర్తి డ్యూటీ కడితే గిఫ్టు రావడానికి అడ్డేమీ లేదని కూడా అందులోనే రాశారు. అంటే మీ అమ్మాయి ప్రేమతో పంపినా, మీరు కార్డు మీద కొన్నా కస్టమ్స్ లెక్కలో రెండూ ఒకటే.

తప్పుడు ధర సంగతి ఇంకా పెద్దది. కాగితాల మీద దిగుమతి చేసుకునేది డల్లాస్‌లోని అమ్మాయి కాదు, మెట్టుగూడలోని మీరు. కేవైసీకి ఇచ్చిన ఆధార్, పాన్ మీవి. ధరో, వివరాలో తప్పు చెప్పిన సరుకును 1962 నాటి కస్టమ్స్ చట్టం 111వ సెక్షన్ కింద జప్తు చేయొచ్చు. 112 కింద జరిమానా వేయొచ్చు. జప్తయినదాన్ని విడిపించుకోవాలంటే 125 కింద ఇంకో మొత్తం కట్టాలి. రాసిన ధర నమ్మేలా లేకపోతే దాన్ని పక్కనపెట్టి తానే విలువ కట్టే అధికారం ఆఫీసరుకు ఉంది. మీ ఇంజిన్ పెట్టె మీద తయారీదారు పేరూ మోడల్ నంబరూ అచ్చేసి ఉంటాయి. ఫోన్లో వెతికితే అసలు ధర నిమిషంలో బయటపడుతుంది. పైగా పార్శిల్ దారిలో పోతే, విరిగితే, పరిహారం కూడా ఆ 20 డాలర్ల మీదే లెక్కకట్టే ప్రమాదం ఉంది. ఉద్యోగమంతా రిజిస్టర్లలో ఉన్నది ఉన్నట్టు రాసిన మనిషి, బొమ్మ ఇంజిన్ కోసం ఈ వయసులో షోకాజ్ నోటీసుకు జవాబు రాసుకుంటూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

ధర నిజంగానే రాసి, అమెరికా మీదుగా తెప్పించుకుందామనుకున్నా కలిసిరాదు. ఇదివరకు అమెరికాలోకి 800 డాలర్ల లోపు పార్శిళ్లు సుంకం లేకుండా వెళ్లేవి. 2025 ఆగస్టు 29తో ఆ మినహాయింపు అన్ని దేశాలకూ పోయింది. జపాన్ ఇంజిన్‌ను మీ అమ్మాయి డల్లాస్‌కు తెప్పించుకుంటే అక్కడి సుంకం ఒకసారి, మీకు పంపితే ఇక్కడి సుంకం ఇంకోసారి పడతాయి. రెండుసార్లు రవాణా ఖర్చు సరేసరి.  

మీ అమ్మాయి చట్టబద్ధంగా చేయగల సాయం వేరే ఉంది. పండక్కో, సెలవులకో ఇంటికి వచ్చేటప్పుడు తన సామానులో తేవడం. విమానంలో వచ్చేవాళ్లకు 2016 బ్యాగేజీ నిబంధనల్లో 50,000 రూపాయల దాకా సుంకం ఉండేది కాదు. 2026లో వచ్చిన కొత్త నిబంధనల్లో దాన్ని 75,000 చేశారు. ఒక మంచి ఇంజిన్, రెండు బోగీలు ఆ పరిమితిలో హాయిగా వస్తాయి. బిల్లు చేతిలో ఉంచుకోమనండి. పరిమితి దాటితే శంషాబాద్‌లో రెడ్ ఛానెల్‌లోకి (డ్యూటీ కట్టాల్సిన సామాను ఉన్నవాళ్ల దారి) వెళ్లి చెప్పమనండి. అల్లుడి పరిమితి, అమ్మాయి పరిమితి కలిపేసి ఒకే ఖరీదైన వస్తువుకు వాడుకోవడం కుదరదు, ఎవరిది వాళ్లదే. చాలామంది ఎయిర్‌పోర్టులో వాదనకు దిగేది ఇక్కడే.

ఇక అంత డ్యూటీ ఎందుకు పడిందన్న ప్రశ్న. మీరు మీ రైళ్లను బొమ్మలనుకోరు, నేనూ అనుకోను. చక్రం అంచు నుంచి బాయిలరు రివెట్ల దాకా కొలత ప్రకారం ఉన్న వస్తువది. కానీ ఏ వస్తువుకు ఎంత సుంకమో చెప్పే కస్టమ్స్ టారిఫ్‌ పట్టికలో దానికి ఇచ్చిన చోటు 9503వ శీర్షిక. మూడు చక్రాల సైకిళ్లు, బొమ్మలు, పజిళ్లు ఉండే శీర్షికలోనే ‘స్కేల్ మోడళ్లు, పనిచేసేవైనా చేయనివైనా’ అని కూడా రాసి ఉంది. రైలైనా విమానమైనా యుద్ధనౌకైనా, అతికించుకునే ప్లాస్టిక్ కిట్టైనా అక్కడికే వెళ్తాయి. ఆ శీర్షిక మీద మూల సుంకం 2020 బడ్జెట్లో 20 శాతం నుంచి 60కి ఎగబాకింది. 2023 బడ్జెట్లో 70 అయింది.

ఆ పెంపు వెనక ఉద్దేశం తప్పని నేను అనను. మన సంతల్లో, బజార్లలో చైనా ప్లాస్టిక్ బొమ్మలు గుట్టలుగా పడి ఉండేవి. కొండపల్లి, ఏటికొప్పాక, నిర్మల్ బొమ్మలు చేసేవాళ్లు వాటి ధరతో ఎలా పోటీపడతారు? వాళ్లకు రక్షణ కావాల్సిందే. నా బాధల్లా, ఆ గోడ కట్టినప్పుడు ఇటు పక్క ఎవరున్నారో చూడకపోవడం. జర్మన్ ఆవిరి ఇంజిన్ నమూనా మీద 70 శాతం వేస్తే కొండపల్లిలో ఒక్క బొమ్మ కూడా ఎక్కువ అమ్ముడుపోదు. స్కేల్ మోడళ్లకు వేరే ఉపశీర్షిక ఇచ్చి వేరే రేటు పెట్టడం ప్రభుత్వానికి అసాధ్యమేమీ కాదు. బడ్జెట్‌కు ముందు ఆర్థిక శాఖ ప్రజల సూచనలు తీసుకుంటుంది. మీలాంటివాళ్లు పదిమంది కలిసి సంతకాలు పెట్టి ఆ ఒక్క మాట రాయాలి. అది జరిగేదాకా మాత్రం ఉన్న రేటుతోనే లెక్క వేసుకోవాలి.

లెక్క ఎలా వేస్తారో అంకెలతో చూపిస్తాను. ఇంజిన్ ధర 20,000 రూపాయలు, కొరియర్ ఛార్జీ 5,500 అనుకోండి. సుంకం వస్తువు ధర ఒక్కదాని మీదే కాదు, రవాణా, బీమా కూడా కలిపిన విలువ మీద పడుతుంది. అయితే విమానంలో వచ్చే సరుకుకు రవాణా ఖర్చును వస్తువు ధరలో 20 శాతానికి మించి కలపకూడదని 2007 వాల్యుయేషన్ నిబంధనల్లో ఉంది. కాబట్టి 5,500 కట్టినా లెక్కలోకి రావలసింది 4,000. బీమా ఎంతో తెలియకపోతే ధరలో 1.125 శాతం, అంటే 225. మొత్తం 24,225. దీని మీద 70 శాతమంటే దాదాపు 16,960. వర్తించే చోట, సుంకం మీద అదనంగా వేసే సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జీ కలుస్తుంది. అప్పుడు విలువ, సుంకం అన్నీ కలిపిన మొత్తం మీద, అంటే 41,000 పైచిలుకు మీద, ఐజీఎస్టీ (దిగుమతుల మీద పడే జీఎస్టీ) వేస్తారు. అది 18 శాతమైతే ఇంకో 7,400. సుంకం మీద కూడా పన్ను పడుతుందన్న సంగతి తెలియకనే చాలామంది, ‘70 శాతం అన్నారు, ఇంతెలా అయింది?’ అని కొరియర్ కుర్రాడి మీద కేకలేస్తారు. దీనికి తోడు డ్యూటీని ముందుగా తామే కట్టినందుకు కొరియర్ సంస్థ హ్యాండ్లింగ్ ఛార్జీ, దాని మీద జీఎస్టీ వేస్తుంది. అది ప్రభుత్వానికి వెళ్లే డబ్బు కాదు. ఎంతో ముందే అడిగి తెలుసుకోవచ్చు.

వేరే వస్తువేదైనా 10 శాతం సుంకం ఉన్న శీర్షికలో పడితే ఎంతవుతుందో చూడండి. 10,000 రూపాయల విలువకు సుంకం 1,000, దాని మీద సర్‌ఛార్జీ 100. మొత్తం 11,100 మీద 18 శాతం ఐజీఎస్టీ 1,998. అన్నీ కలిపి 3,098. ఏ శీర్షిక అన్నదాన్ని బట్టే మీ జేబుకు పడే చిల్లు ఉంటుంది. అందుకే మీ పార్శిల్లో ఏమేం ఉన్నాయన్నది నాకు ముఖ్యంగా తోచింది.

టారిఫ్‌లో చాలా అధ్యాయాలకు మొదట్లో కొన్ని నోట్స్ ఉంటాయి. ఎవరూ చదవరు గానీ అసలు సంగతులన్నీ అక్కడే ఉంటాయి. బొమ్మల అధ్యాయం 95వది. ఎలక్ట్రిక్ మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, రేడియో రిమోట్ కంట్రోల్ పరికరాలు ఈ అధ్యాయంలోకి రావని దాని మొదటి నోట్ పేరుపేరునా చెబుతుంది. బొమ్మ రైలు కోసమే తయారైన మోటారైనా సరే, విడిగా వస్తే అది 8501. ట్రాన్స్‌ఫార్మర్ 8504. రంగులు రంగుల అధ్యాయంలోకి, స్క్రూడ్రైవర్లు పనిముట్ల అధ్యాయంలోకి వెళ్తాయి. వీటి సుంకాలేవీ 70 దరిదాపుల్లో ఉండవు. ఇంజిన్ బాడీ, బోగీ చాసిస్ లాంటివి వేరు. అవి బొమ్మ రైలుకు తప్ప ఇంక దేనికీ పనికిరావు కాబట్టి విడిభాగాలైనా 95లోనే పడతాయి.

అదే అధ్యాయంలో ఇంకో నోట్ ఉంది. బొమ్మతో పాటు వేరే శీర్షికల వస్తువులు అమ్మకానికి ఒకే ప్యాకింగ్‌లో వచ్చి, మొత్తం చూస్తే బొమ్మగానే కనిపిస్తే, అదంతా 9503 కిందికే వస్తుంది. మీ స్టార్టర్ సెట్ సరిగ్గా ఇదే. అందులోని ట్రాన్స్‌ఫార్మర్ విడిగా వచ్చి ఉంటే తక్కువ సుంకంతో పోయేది. పెట్టెలో ఇంజిన్ పక్కన కూర్చుంది కాబట్టి 70 పడింది. స్టార్టర్ సెట్ అమ్మేచోట చవగ్గా కనిపిస్తుంది, మనకు దిగేసరికి ఖరీదవుతుంది. మన దేశంలో ఉండి ఈ హాబీ చేసేవాళ్లు సెట్లు కొనకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఇంజిన్ ఒక్కటే తెప్పించుకోండి. విద్యుత్ సరఫరా సంగతి ఇక్కడే చూసుకోవచ్చు.

అయితే మీరు విడిగా కొన్న మోటారు, రంగులు, స్క్రూడ్రైవర్ల మీద కూడా 70 వేశారా? మీ ఉత్తరాన్ని బట్టి తెలియడం లేదు. షాపువాళ్లు ఇన్‌వాయిస్‌లో ఒక్కో వస్తువుకు ఒక్కో వరస రాసి ఉంటే వేసి ఉండకూడదు. ‘మోడల్ రైలు, ఉపకరణాలు’ అని ఒకే ముక్కలో రాసి ఉంటే మొత్తానికి వేసేసి ఉంటారు. కౌంటరు దగ్గర పార్శిల్ విప్పి మోటారును చేతిలోకి తీసుకుని శీర్షిక వెతికేంత తీరిక ఎవరికీ ఉండదు.

ఇంకో మాట. వ్యక్తిగత వాడకానికి తెచ్చుకునే వస్తువుల మీద సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గిస్తామని 2026 ఫిబ్రవరి 1 బడ్జెట్ ప్రసంగంలో చెప్పారు. మీరు విని ఉంటే, నాకెందుకు వర్తించదని అనుకుంటారు. ఆ రేటు 9804వ శీర్షికది. పోస్టులోనో విమానంలోనో వచ్చిన వ్యక్తిగత వస్తువై ఉండాలి, విదేశీ వాణిజ్య చట్టం కింద దిగుమతి నిషేధం నుంచి మినహాయింపు కూడా పొంది ఉండాలి అన్నవి దాని షరతులు. కొరియర్లో వచ్చే ఆన్‌లైన్ కొనుగోళ్లకు మాత్రం మామూలుగా ఆ వస్తువు అసలు శీర్షికే వేస్తుంటారు. మీ పార్శిల్‌ను ఏ శీర్షిక కింద దాఖలు చేశారని అడగడం మీ హక్కు. 9804 కింద వేస్తారన్న ధీమాతో మాత్రం ఆర్డరు పెట్టకండి.

స్కేల్ మోడళ్లవాళ్లను సతాయించే ఇంకో చిక్కు ఐఎస్ఐ మార్కు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నాణ్యతా ఉత్తర్వు అమల్లో ఉంది. మార్కు లేని బొమ్మల దిగుమతి ఆగిపోతుంది. అయితే ఆ ఉత్తర్వు వర్తించేది 14 ఏళ్ల లోపు పిల్లల ఆటకు ఉద్దేశించిన వాటికే. అందుకే పెట్టె మీద ‘14 ఏళ్లు పైబడినవారికి’, ‘పెద్దల సేకరణకు’ అన్న మాటలు ఉన్నాయో లేదో కొనేముందే చూసుకోండి. షాపువాళ్లతో ఇన్‌వాయిస్‌లో కూడా రాయించండి. ఇది పార్శిల్ ఆగకుండా పనికొస్తుంది. సుంకం మాత్రం దీనివల్ల తగ్గదు, ఎందుకంటే 9503 స్కేల్ మోడల్ అంటుందే గానీ వయసు అడగదు. ఈ రెండింటినీ కలిపేసుకుని ‘పెద్దలదని రాశారు కదా, డ్యూటీ ఎందుకు?’ అని వాదించి లాభం లేదు.

డ్రోన్ల పిచ్చి ఉన్న కుర్రాళ్లెవరైనా ఇది చదువుతుంటే వాళ్లకొక మాట. పూర్తి డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి 9న నిషేధించారు. విడదీసిన కిట్ రూపంలో తెచ్చినా అంతే. విడిభాగాలకు ఆ నిషేధం లేదు.

పెన్షన్ మీద బతుకుతూ ఈ సరదా అవసరమా అన్నారు. మానేయకండి. మీ చేతిలో ఉన్న పనితనం కస్టమ్స్ గేటు దాటి రావలసింది కాదు. బయటి నుంచి రావాల్సినవాటి జాబితా తగ్గించుకుంటే చాలు. ఇంజిన్ మెకానిజం, చక్రాలు, ఇంజిన్‌ను డిజిటల్‌గా నడిపించే డీసీసీ డీకోడరు. నా లెక్కలో ఇంతే. మిగతాదంతా ఇక్కడే దొరుకుతుంది, లేదా మీరే చేయగలరు. ఎల్ఈడీలు, సన్న వైర్లు, స్విచ్చులు, పవర్ సప్లైలకు కోఠీ గుజరాతీ గల్లీ ఉంది. ఇత్తడి రేకు, సన్న డ్రిల్ బిట్లు, ఆకురాళ్లకు రాణిగంజ్ మీకు నేను చెప్పాలా? సన్నని టర్నింగ్ పని అవసరమైతే బాలానగర్‌లో లేతు మిషన్లు నడిపేవాళ్లున్నారు, వర్క్‌షాప్ మనిషి గీసిన డ్రాయింగ్ వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. రాయదుర్గంలో 2023లో మొదలైన టీ-వర్క్స్‌లో త్రీడీ ప్రింటింగ్, లేజర్ కటింగ్ యంత్రాలున్నాయి. బోగీ బాడీల డిజైన్ ఫైళ్లు డబ్బిచ్చి డౌన్‌లోడ్ చేసుకుంటే శంషాబాద్‌లో ఆగే పార్శిలంటూ ఏదీ ఉండదు. ప్రింటు ఇక్కడ తీయించుకుని, ఉప్పుకాగితం పట్టి, రంగు వేసుకోండి.

అసలు మీరు జర్మన్ రైళ్లే ఎందుకు నడపాలి? గేజ్ అంటే రెండు పట్టాల మధ్య దూరం. 1:87లో మన బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు 19.3 అవుతుంది. దొరికే పట్టా 16.5ది, కాబట్టి బ్రాడ్ గేజ్ బండి ఇరుకు పట్టాల మీద నిలబడ్డట్టు కనిపించి మీ కంటికి గుచ్చుకుంటుంది. మీటర్ గేజ్ 11.5 అవుతుంది. అందుకు 12 మిల్లీమీటర్ల పట్టా సిద్ధంగా దొరుకుతుంది, తేడా కంటికి ఆనదు. కాచిగూడ నిజాం కాలంలో మీటర్ గేజ్ స్టేషన్. 1916 నాటి ఆ భవనం, గుమ్మటాలతో, తోరణాల వరసతో ఇప్పటికీ నిలబడి ఉంది. టేపు, కెమెరా పట్టుకుని పోయి అనుమతి తీసుకుని కొలతలు రాసుకోండి. భవనం, ప్లాట్‌ఫాం, నీళ్ల ట్యాంకు, సిగ్నల్ క్యాబిన్ ఇవన్నీ కార్డుబోర్డు, బాల్సా చెక్క, ఓపికతో తయారయ్యేవి. లేఅవుట్‌లో మనిషి కన్ను ఆగేది వీటి దగ్గరే. వీటిలో దేనికీ డ్యూటీ లేదు. వాటి మధ్య నడవడానికి ఏడాదికి ఒక్క ఇంజిన్ తెప్పించుకున్నా, డ్యూటీ పూర్తిగా కట్టుకుని సంతోషంగా తెప్పించుకోండి.

జపాన్ ఆర్డరు సంగతి. జపాన్‌తో మనకు 2011 ఆగస్టు నుంచి వాణిజ్య ఒప్పందం ఉంది కదా అని ఎవరో ఒకరు చెబుతారు. ఒప్పందం రాయితీ సరుకు బయలుదేరిన దేశాన్ని బట్టి రాదు, తయారైన దేశాన్ని బట్టి వస్తుంది. జపాన్ బ్రాండు ఇంజిన్ చైనాలో తయారైతే అది చైనా సరుకే. జపాన్‌లోనే తయారైనా, ఆ వస్తువు రాయితీ జాబితాలో ఉండాలి, నిర్ణీత నమూనాలో మూలదేశ ధ్రువపత్రం ఉండాలి. 2020 సెప్టెంబరు 21 నుంచి దిగుమతిదారు దగ్గర అదనపు ఆధారాలు కూడా ఉండాలంటున్నారు. ఒక్క ఇంజిన్ కొనే మనిషికి చిల్లర షాపు ఆ కాగితాలు తీసివ్వదు. దాన్ని మర్చిపోండి.

ఆర్డరు పెట్టే రోజు కస్టమ్స్ వెబ్‌సైటు ఐస్‌గేట్ వారి కంప్లయన్స్ ఇన్ఫర్మేషన్ పోర్టల్ తెరవండి. అందులో శీర్షిక కొడితే ఆ రోజు రేటు, కావలసిన అనుమతులు కనిపిస్తాయి. నేను ఇక్కడ రాసిన రేట్లు కూడా అక్కడ సరిచూసుకోండి, బడ్జెట్ వచ్చినప్పుడల్లా మారుతుంటాయి. రూపాయల లెక్కకు కస్టమ్స్ ప్రకటించిన మారకం రేటే వాడండి, మీ బ్యాంకు కార్డు రేటు కాదు. షాపువాళ్లకు ముందే మెయిల్ పెట్టి నాలుగు సంగతులు అడగండి. ఇన్‌వాయిస్‌లో ఒక్కో వస్తువూ ఒక్కో వరసలో, దేని శీర్షిక నంబరు దానికి, దేని ధర దానికి ఉండాలి. రవాణా ఛార్జీ వేరే వరసలో కనిపించాలి. తయారైన దేశం రాయాలి. ఆ ఇన్‌వాయిస్ పెట్టె లోపల కాకుండా బయట అంటించిన కవరులో ఉండాలి. నాలుగోది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, ‘కాగితాలు లేవు’ అని పార్శిల్ రోజుల తరబడి పడి ఉండటానికి చాలాసార్లు అదే కారణం. డ్యూటీతో సహా మొత్తం ఎంతవుతుందో ఒక కాగితం మీద వేసి ఇంట్లో చూపించాక ఆర్డరు పెట్టండి. పార్శిల్ వచ్చాక గుండె ఆగినంత పనవదు, మీ ఇంటావిడకు మీరు ముందుగా చెప్పిన అంకే వస్తుంది.

చివరిగా మీరు ఇప్పటికే కట్టిన డబ్బు. స్టార్టర్ సెట్ మీద కట్టింది వెనక్కి రాదు, అది సరైన శీర్షికే. మోటారు, రంగులు, స్క్రూడ్రైవర్ల మీద కూడా 70 వేసి ఉంటేనే మీకు అడగడానికి బలం ఉంది. రవాణా ఖర్చు 20 శాతం మించి కలిపి ఉంటే అదీ అడగొచ్చు. ముందు కొరియర్ సంస్థ నుంచి మీ పార్శిల్ తాలూకు కొరియర్ బిల్ ఆఫ్ ఎంట్రీ నకలు తెప్పించుకోండి. డబ్బు కట్టిన రసీదు చాలదు. ఏ వస్తువుకు ఏ శీర్షిక, ఎంత విలువ, ఎంత రేటు అన్నది అందులోనే ఉంటుంది. తప్పు కనిపిస్తే కస్టమ్స్ చట్టం 149వ సెక్షన్ కింద సవరణ అడగమని వాళ్లకే రాయండి. సరుకు క్లియరైన తేదీనాటికి ఉన్న పత్రాల ఆధారంగానే సవరణ ఇస్తారు కాబట్టి అప్పటి ఇన్‌వాయిస్, ఆర్డరు కాగితం జతచేయండి, షాపుతో ఇప్పుడు కొత్తది రాయించకండి. నేరుగా రిఫండ్ అర్జీ పెడితే నిలవదు. ముందు అసెస్‌మెంట్‌ను, అంటే డ్యూటీ లెక్కకట్టిన ఉత్తర్వును, మార్పించుకోవాల్సిందేనని 2019లో ఐటీసీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సవరణకు ఒప్పుకోకపోతే కమిషనర్ (అప్పీల్స్) ఉన్నారు. 128వ సెక్షన్ ప్రకారం ఆ అసెస్‌మెంట్ ఉత్తర్వు అందిన 60 రోజుల్లో అప్పీలు వేయాలి. వచ్చే సొమ్ము వెయ్యి రూపాయల లోపైతే అంత దూరం వెళ్లమని నేను చెప్పను. సవరణ అడిగి ఊరుకోండి. అంతకు మించితే ఆ 60 రోజులు ఇప్పటికే నడుస్తున్నాయి, నకలు కోసం ఈరోజే మెయిల్ పెట్టండి.